వారసత్వంగా వచ్చిన స్టాంపుల సేకరణకు విలువ కట్టి అమ్మడం ఎలా?

పెద్దవాళ్లు పోయాక వాళ్ల బీరువాలో స్టాంపుల ఆల్బమ్‌లు బయటపడితే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇవి అమ్మితే మన దశ తిరిగినట్టే" అని ఒకరంటే, "పాత కాగితాలే కదా, పిల్లలకు ఇచ్చేద్దాం" అని ఇంకొకరు. రెండూ ఆల్బమ్ తెరవకముందే అనేసిన మాటలు. చాలా సేకరణల్లో విలువంతా కొద్ది స్టాంపుల్లోనో, కొన్ని పాత కవర్లలోనో ఉంటుంది. మిగతావి వేలల్లో ఉన్నా వాటికి వచ్చేది తక్కువే. ఆ కొద్దిని గుర్తుపట్టడమే అసలు పని. అందుకు స్టాంపుల శాస్త్రమంతా నేర్చుకోనక్కర్లేదు. ముందు ఆ సేకరణ చేసిన మనిషిని చదవగలిగితే సగం దారి దొరికినట్టే.

1. ఉన్నది ఉన్నట్టు ఉంచండి

ఈ దశలో ఎంత తక్కువ పని చేస్తే అంత మంచిది. ప్రతి ఆల్బమ్‌కీ, ప్రతి డబ్బాకీ, ప్రతి పేజీకీ ఫోటో తీయండి. ఏది ఏ వరుసలో దొరికిందో ఆ వరుస చెదరనివ్వకండి. కవర్ల మీది స్టాంపులు కత్తిరించకండి. నీళ్లలో నానబెట్టకండి. పాత మరకలను రబ్బరుతో రుద్దకండి. వెనక అతికించిన చిన్న కాగితపు ముక్కలను, అంటే హింజ్‌లను, గోటితో పీకకండి. వాడని స్టాంపు వెనక అసలు జిగురు చెక్కుచెదరకుండా ఉంటే ఒక ధర, పోతే మరో ధర. కొన్ని పాత స్టాంపుల్లో ఈ తేడా చాలా పెద్దది. ఒక్కసారి నీళ్లు తగిలితే ఆ తేడా మీరు పోగొట్టుకున్నట్టే.

తేమకు రెండు స్టాంపులు అతుక్కుపోయి ఉంటే అలాగే వదిలేయండి. ముట్టుకోక తప్పని చోట కొన చదునుగా ఉండే స్టాంపుల పట్టకారు వాడండి. కనుబొమలు తీసుకునే ట్వీజర్లకు గరుకైన పళ్లుంటాయి కాబట్టి అవి కాగితాన్ని గీస్తాయి. ఆల్బమ్‌లను పొడిగా, చీకటిగా ఉన్న చోట నిలబెట్టి ఉంచండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది పేజీల్లోని జిగురు అంటుకుంటుంది. మెత్తగా, ఘాటైన వాసన వేసే పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఉన్నవాటి విషయం మాత్రం త్వరగా చూడాలి, ఆ ప్లాస్టిక్ కాలక్రమంలో స్టాంపును పాడుచేస్తుంది.

వారసులు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే "నీకు రెండు ఆల్బమ్‌లు, నాకు రెండు" అని పంచుకోవద్దు. సెట్లు విడిపోతాయి, పైగా ఎవరి వాటా విలువ ఎంతో ఎవరికీ తెలియదు. ముందు విలువ కట్టించండి, తర్వాత అమ్మిన డబ్బు పంచుకోండి. ఈ క్రమం వల్ల బంధుత్వాలూ నిలుస్తాయి.

2. సేకరించిన మనిషిని చదవండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. మీ తాతగారో, అత్తయ్యగారో ఏళ్ల తరబడి ఈ ఆల్బమ్‌ల ముందు కూర్చున్నారు. ఏది అరుదో వాళ్లకు తెలుసు, ఆ తెలివిడి గుర్తులు పేజీల్లోనే ఉంటాయి. పెన్సిల్‌తో రాసిన సంఖ్యలు కనిపిస్తే అవి చాలావరకు కేటలాగ్ నంబర్లే, అంటే స్టాంపులన్నిటినీ ధరలతో సహా జాబితా వేసే పుస్తకంలో ఆ స్టాంపుకున్న నంబర్లు. ఒక్క స్టాంపునే విడిగా నల్ల పౌచ్‌లో పెట్టారంటే, ఒక దేశానికి మాత్రమే ఖరీదైన ఆల్బమ్ కొన్నారంటే, ఒక పేజీలో ఖాళీ గడులు వదిలి కింద తేదీలు రాసుకున్నారంటే వాళ్ల శ్రద్ధ అక్కడుందన్నమాట.

సొరుగుల్లో పాత రసీదులు, వేలం సంస్థల బిల్లులు, నిపుణుల ధ్రువపత్రాలు, తోటి సేకర్తలతో నడిపిన ఉత్తరాలు వెతకండి. కాగితాలు సర్దేటప్పుడు ముందుగా చెత్తబుట్టలోకి పోయేవి ఇవే. ఒక స్టాంపును ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో చెప్పే కాగితం అమ్మేటప్పుడు మీకు అండగా నిలుస్తుంది. అలాగే ఆయన ఏ క్లబ్‌లోనైనా సభ్యుడా అని ఆరా తీయండి. ఆ సేకరణను ముందే చూసిన మిత్రుడు ఒకరు దొరికితే ఎంతో సమయం కలిసివస్తుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలుతుంది: ఆయన సేకర్తా, పోగుచేసేవారా? ఒక దేశాన్నో, ఒక కాలాన్నో పట్టుకుని లోతుగా వెళ్లినవారి ఆల్బమ్‌లో ప్రతి పేజీనీ నిదానంగా చూడాలి. పువ్వులు, పక్షులు, క్రీడలు అని రంగురంగుల స్టాంపులు నింపుకున్నవారికి ఆ ఆనందం నిజమైనదే, కానీ బజారులో దానికి వచ్చే ధర కొంచెమే.

3. పక్కన పెట్టాల్సినవి గుర్తించండి

తీయకుండానే, ఆ పేజీ దగ్గర ఒక చీటీ పెట్టండి. వేటికి చీటీ పెట్టాలి?

మొదట 1900కు ముందువి. పాతవన్నీ విలువైనవని కాదు. ప్రపంచంలో మొదటి తపాలా స్టాంపు, బ్రిటన్ 1840లో తెచ్చిన పెన్నీ బ్లాక్, దాదాపు 6.8 కోట్లు అచ్చయింది. అందుకే అది ఎంత ప్రసిద్ధమో అంత అరుదు కాదు. అయినా పాతవాటిని చూడకుండా వదలకూడదు. రెండోది, అంచుల్లో పళ్లు, అంటే విడదీసే రంధ్రాల ఆనవాళ్లు, లేనివి. మూడోది, స్టాంపు మీద మళ్లీ వేరే అచ్చు పడినవి. భారత్ 1948 ఆగస్టు 15న విడుదల చేసిన గాంధీ స్టాంపుల్లో పది రూపాయలదాని మీద 'సర్వీస్' అనే ఒక్క మాట అచ్చువేసినవి చాలా కొద్దిగా ఉన్నాయి. అలాంటి నాలుగింటి పట్టీ 2017లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఒక్క మాటకు ఇంత తేడా వస్తుంది కాబట్టే దొంగ అచ్చులు కూడా ఇలాంటి చోటే ఎక్కువ.

నాలుగోది, అచ్చు తప్పులు. 1918లో అమెరికా విడుదల చేసిన 24 సెంట్ల విమానం స్టాంపుల్లో వంద స్టాంపుల షీటు ఒకటి విమానం తలకిందులుగా అచ్చయి, తపాలా కిటికీలోంచే ఒక సేకర్త చేతికి వచ్చింది. ఆ వందలో ఒక్కొక్కటీ నేడు పెద్ద వేలాల్లో మాత్రమే కనిపిస్తుంది.

ఐదోది, పూర్తి కవర్లు. కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది వీటి దగ్గరే. యుద్ధకాలపు సెన్సారు ముద్రలున్న ఉత్తరాలు, తొలినాటి విమాన తపాలా, మూతపడిన చిన్న తపాలా కార్యాలయాల ముద్రలు, ఇలాంటి వాటిలో స్టాంపు కంటే కవరు ప్రయాణానికే విలువ. 1911 ఫిబ్రవరి 18న అలహాబాద్‌లో విమానం మోసుకెళ్లిన ఉత్తరాల మీది స్టాంపును కత్తిరించి ఆల్బమ్‌లో అతికిస్తే పోయేది కవరు ఒక్కటే కాదు, విమాన తపాలా చరిత్రలో మొదటి పుట చిరిగిపోతుంది.

చీటీ అక్కర్లేనివీ చాలా ఉంటాయి. ఇటీవలి దశాబ్దాల ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజునే ముద్ర కొట్టిన కవర్లు), తపాలా శాఖలే సేకర్తల కోసం ముద్ర కొట్టి కట్టలుగా అమ్మిన స్టాంపులు, రోజువారీ వాడకపు స్టాంపులు, ఇవి కోట్లల్లో ఉన్నాయి. కాస్త కొత్త స్టాంపులు వాడకుండా షీట్లుగా ఉంటే వాటికి సాధారణంగా ముఖవిలువ కన్నా తక్కువే ఇస్తారు. ఆ దేశంలో అవి ఇంకా తపాలాకు చెల్లుతాయో లేదో ముందు చూసుకోండి. అమెరికాలో 1861 నుంచి వచ్చిన స్టాంపులు ఇప్పటికీ చెల్లుతాయి, బ్రిటన్‌లో బార్‌కోడ్ లేని సాధారణ స్టాంపులకు 2023 జులై 31తో గడువు తీరింది.

4. స్థితి ఎలా ఉందో చూడండి

భూతద్దం, మంచి వెలుతురు చాలు. చిత్రం నాలుగు అంచుల మధ్య సరిగ్గా కూర్చుందా? పళ్లలో ఏదైనా విరిగిందా? మడత, చిరుగు, తుప్పురంగు మచ్చలు, వెలిసిన రంగు ఉన్నాయా? స్టాంపును నల్లటి కాగితం మీద బోర్లా పెట్టి చూస్తే, హింజ్ పీకినప్పుడు పొర లేచిపోయిన చోటు నల్లగా తేలుతుంది. పళ్లు లేని పాత స్టాంపుల్లో నాలుగు వైపులా తెల్ల అంచు మిగిలిందా అన్నదే పెద్ద ప్రశ్న. పెన్నీ బ్లాక్‌ను తపాలా ఉద్యోగులు కత్తెరతో కోసి ఇచ్చేవారు కాబట్టి, నాలుగు అంచులూ నిలిచినదానికీ కోత చిత్రంలోకి దిగినదానికీ ధరలో పొంతనే ఉండదు.

అయితే నిజంగా అరుదైనది ఎంత నలిగినా అరుదైనదే. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు మూలలు కత్తిరించి, మాసిపోయి ఉంటుంది. 1873లో 12 ఏళ్ల బాలుడు దాన్ని తమ ఇంటి పాత ఉత్తరాల్లో చూసి, కొన్ని షిల్లింగులకు స్థానిక సేకర్తకు అమ్మేశాడు. 2014లో అదే స్టాంపు వేలంలో 90 లక్షల డాలర్లు దాటింది. కాబట్టి బాగా లేదని దేన్నీ పారేయకండి.

5. కేటలాగ్‌లో వెతకండి

బ్రిటన్ సంప్రదాయానికి స్టాన్లీ గిబ్బన్స్, అమెరికాకు స్కాట్, జర్మనీకి మిషెల్, ఫ్రాన్స్‌కు ఇవేర్ ఎ తెల్యే, ఇవి ప్రధాన కేటలాగులు. పెద్ద గ్రంథాలయాల్లో, క్లబ్‌ల్లో దొరుకుతాయి. ఒకే బొమ్మ పదిచోట్ల కనిపిస్తే కంగారుపడకండి. 1908 తర్వాత అమెరికా తెచ్చిన వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ తలల స్టాంపులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగి ఉండే గుర్తు), అచ్చు పద్ధతి, అంచు రంధ్రాల లెక్కను బట్టి విలువ పూర్తిగా మారిపోతుంది. రెండు సెంటీమీటర్లలో ఎన్ని రంధ్రాలున్నాయో చూపే పర్ఫరేషన్ గేజ్ చవకైన పరికరం. వాటర్‌మార్క్ కోసం ద్రవాలు వాడకుండా వెలుతురుకు అడ్డుపెట్టి చూడండి, తేలకపోతే నిపుణుడికి వదిలేయండి.

6. కేటలాగ్ ధరనూ మార్కెట్ ధరనూ వేరుగా చూడండి

మనసు కష్టపెట్టుకునే ఘట్టం ఇది. కేటలాగ్‌లోని ధర మంచి స్థితిలో ఉన్న స్టాంపును వ్యాపారి మరొకరికి అమ్మే ధర. మీ దగ్గర కొనే ధర అందులో చిన్న భాగం. పైగా అతి సాధారణ స్టాంపుకు కూడా కేటలాగ్ ఒక కనీస ధర వేస్తుంది. అది వెతికి, కవరులో పెట్టి ఇచ్చే శ్రమకు వేసిన లెక్క. అలాంటివి పది వేలు కూడితే వచ్చే మొత్తం కాగితం మీదే ఉంటుంది.

నమ్మదగిన ఆధారం జరిగిన అమ్మకాలే. వేలం సంస్థలు పాట ముగిశాక ఫలితాలు ప్రకటిస్తాయి. ఈబే, డెల్కాంప్ లాంటి ఆన్‌లైన్ బజార్లలో అమ్మకందారు అడుగుతున్న ధరను పట్టించుకోకండి, అమ్ముడుపోయినవాటిని మాత్రమే చూడండి. అదీ మీ స్టాంపు స్థితికి సరితూగేవే.

7. విలువైనదని తోస్తే నిపుణుడికి చూపించండి

జిగురు మళ్లీ పూసినవి, పళ్లు మళ్లీ కోసినవి, ముద్ర చెరిపినవి కంటితో పట్టుకోవడం కష్టం. ప్రసిద్ధ నకిలీకారుడు జాన్ ద స్పెరాటి చౌక స్టాంపుల చిత్రాన్ని రసాయనాలతో చెరిపి, ఆ అసలు కాగితం మీదే ఖరీదైన స్టాంపును అచ్చువేసేవాడు. అతని నకిలీలకే ఇప్పుడు సేకర్తలున్నారు. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ, న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి సంస్థల ధ్రువపత్రానికి రుసుము ఉంటుంది. స్టాంపు విలువ ఆ రుసుముకు బాగా పైన ఉంటేనే పంపండి.

విలువ కట్టే మనిషే కొంటానంటే ఆ అంచనాను ఒక్కదాన్నే నమ్మకండి. కనీసం మరో ఇద్దరికి చూపించి, అంచనా రాతపూర్వకంగా తీసుకోండి. బీమా కోసం వేసే అంచనా ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, అమ్మకానికి వేసిందే అడగండి.

8. అమ్మే దారి ఎంచుకోండి

వ్యాపారికి ఒకేసారి అమ్మితే పని ఒక్కరోజులో అయిపోతుంది, ధర తగ్గుతుంది. సాధారణ సేకరణకు ఇదే సరైన దారని నేననుకుంటాను. ఆయన మంచివి నాలుగు ఏరుకుని మిగతావి వద్దంటే మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే ఆ నాలుగే మిగతావాటిని అమ్ముడుపోయేలా చేసేవి.

లోతైన సేకరణకో, ధ్రువపత్రమున్న అరుదైన స్టాంపుకో వేలం మేలు. ఒప్పందం రాసుకునే ముందు అడగాల్సినవి: అమ్మకందారు కమిషన్ ఎంత, ఫోటోలకూ బీమాకూ విడిగా ఖర్చు ఉందా, ఇంతకు తగ్గితే అమ్మకూడదన్న రిజర్వ్ ధర పెట్టవచ్చా, పాట రాకపోతే రుసుము కట్టాలా, డబ్బు ఎన్ని రోజులకు వస్తుంది. కొనేవాళ్ల దగ్గరా సంస్థ ప్రీమియం, అంటే పాట ధర మీద అదనపు రుసుము, తీసుకుంటుంది కాబట్టి, పాట ఆగిన ధర మీ చేతికొచ్చేదీ కాదు, కొన్నవారు కట్టేదీ కాదు.

ఆన్‌లైన్‌లో ఒక్కొక్కటిగా అమ్మితే ఎక్కువ రావచ్చు. ముందూ వెనకా స్పష్టమైన ఫోటోలు పెట్టాలి, లోపం ఉంటే చెప్పాలి, బీమా చేసిన తపాలాలో పంపాలి. ఓపిక ఉన్నవారికే ఈ దారి.

ఏ దారైనా, అప్పగించేటప్పుడు పేజీలవారీ జాబితా మీద సంతకం తీసుకోండి, మీ ఫోటోలు దాచుకోండి. వారసత్వ ఆస్తి మీద పన్ను, పాత వస్తువులను దేశం దాటించడం మీద నియమాలు దేశానికోలా ఉంటాయి, కనుక అమ్మకం ముందే తెలిసినవారిని అడగండి. ఎవరూ కొనని సాధారణ స్టాంపులు మిగిలితే, కొత్తగా మొదలుపెట్టే పిల్లలున్న స్టాంపుల క్లబ్‌లకూ, వాడిన స్టాంపులు సేకరించి నిధులు సమకూర్చుకునే సేవాసంస్థలకూ ఇవ్వవచ్చు.