పౌలు పత్రికల్లో ఎవరికి ఎవరు బాకీ? చదివించే పద్ధతి

పాలకొల్లు దగ్గర మా క్రైస్తవ సంఘంలో ఆదివారం మధ్యాహ్నాలు ఇంటర్, డిగ్రీ పిల్లలతో బైబిలు చదివిస్తుంటాను. పౌలు పత్రికలు, అంటే అపొస్తలుడైన పౌలు తొలినాటి సంఘాలకి, విశ్వాసులకి రాసిన ఉత్తరాలు, మొదలుపెట్టేటప్పుడు ఒక్కొక్కరిచేతా కొత్త నోటుబుక్కు తెప్పిస్తాను. పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకంలా అందులో గళ్లు గీయాలి: ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు, ఏమిచ్చారు, బదులుగా ఏం జరగాలి. అలా రాసుకుంటూ చదివితే మనం గబగబా దాటేసే పేర్ల దగ్గరే ఆగాల్సొస్తుంది.

మీరూ మీ పిల్లలతో ఇలా చదివించాలంటే, ముందు ఆనాటి లోకం ఎలా నడిచేదో చెప్పండి. రోమాలో తెల్లవారేసరికి ఆశ్రితులు పెద్దమనిషి ఇంటికెళ్లి దణ్ణం పెట్టేవారు. ఆయన చిల్లర డబ్బో, భోజనమో, కోర్టులో మాటసాయమో చేసేవాడు. వీళ్లు ఆయన వెంట నడిచి, నలుగురిలో ఆయన పేరు నిలబెట్టాలి. మేలు పొంది మరిచినవాడికి లోకంలో మర్యాద ఉండేది కాదు. సెనెకా అనే తత్వవేత్త మేలు చెయ్యడం, పుచ్చుకోవడం మీదే ఏడు భాగాల గ్రంథం రాశాడంటే అదెంత పెద్ద విషయమో చూడండి.

రోమా పత్రిక 16వ అధ్యాయంతో మొదలుపెట్టండి. కొరింథు ఓడరేవు కెంక్రేయ నుంచి ఫీబే వస్తోంది, ఆమెకి ఏం కావాలన్నా చూడండి, ఆమె ఎంతోమందికి, నాకు కూడా సాయపడింది అంటాడు పౌలు. బాకీ పౌలుది, తీర్చాల్సింది రోమాలోని విశ్వాసులు. 23వ వచనంలో సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చిన గాయియు, పట్టణపు ఖజానా చూసే ఎరస్తు ఉన్నారు. వాళ్లనీ రాయించండి.

తర్వాత ఫిలిప్పీ, కొరింథు పత్రికలు పక్కపక్కన పెట్టండి. ఫిలిప్పీవాళ్లు ఎపఫ్రొదితు చేత పంపిన సాయాన్ని పౌలు సంతోషంగా పుచ్చుకున్నాడు. అయితే నా దేవుడే మీ అవసరం తీరుస్తాడని రాసి, బదులిచ్చే గడిలో తన పేరు లేకుండా చేశాడు. కొరింథువాళ్ల దగ్గర మాత్రం పైసా ముట్టలేదు. అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టుకున్నాడు. అక్కడ ప్రభువు బల్ల దగ్గరే, అంటే యేసుని తలుచుకుంటూ అందరూ కలిసి తినేచోటే, ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తులో ఉండేవాడు. అలాంటిచోట డబ్బున్నవాళ్ల చెయ్యి కింద పడితే వాళ్లని గద్దించే నోరుండదు. అందుకే వద్దన్నాడని నా నమ్మకం.

ఫిలేమోను పత్రికకి మాత్రం ఒక పూట కేటాయించండి. మొత్తం 25 వచనాలే. ఫిలేమోను ఒక విశ్వాసి, ఒనేసిము అతని దాసుడు, అంటే బానిస. పౌలు చెరలో ఉండి అతన్ని వెనక్కి పంపుతున్నాడు. గళ్లు పిల్లల్నే నింపనివ్వండి. ఒనేసిము ఫిలేమోనుకి ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేను తీరుస్తానని పౌలు స్వహస్తంతో రాశాడు. ఆ వెంటనే, నువ్వే నాకు బాకీ అన్న సంగతి నేను ఎత్తనులే అంటూనే ఎత్తాడు! ఒక్క వచనంలో అప్పిచ్చినవాడు అప్పున్నవాడైపోయాడు. ఇప్పుడు మొదటి రెండు వచనాలు మళ్లీ చదివించండి. ఫిలేమోనుతోపాటు అప్ఫియకి, అర్ఖిప్పుకి, ఆ ఇంట్లో కూడే సంఘానికి కూడా రాశాడు. అంటే ఫిలేమోను ఏం చేస్తాడో అందరూ చూస్తుంటారు. పైగా 22వ వచనంలో నాకు బస సిద్ధం చెయ్యమన్నాడు. తనే వచ్చి చూస్తాడన్నమాట. ఇంత చేసినా ఒనేసిముని విడిచిపెట్టమని సూటిగా అనలేదు, దాసుడికన్నా ఎక్కువగా, ప్రియమైన సోదరుడిలా చేర్చుకోమన్నాడు. పిల్లలు ‘ఎందుకు అనలేదు’ అని కచ్చితంగా అడుగుతారు. సర్దిచెప్పకండి. బానిసత్వం చట్టమై ఉన్న లోకంలో ఒనేసిము ఏ భయంతో ఆ గుమ్మం ఎక్కాడో వాళ్లని ఆలోచించనివ్వండి.

ఆఖరి పేజీలు మీ సంఘానికి వదిలిపెట్టండి. 1836లో ఇండియాకి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో మన గోదావరి డెల్టాకి వచ్చి నరసాపురంలో సేవ మొదలుపెట్టారు. వాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మీ ఊళ్లో ప్రార్థనకి మొదట ఇల్లిచ్చిందెవరు, స్థలం ఎవరిది, కూటాలకి బియ్యం పోసిందెవరు, వండిందెవరు అని పిల్లల్ని ముసలమ్మల దగ్గరికి పంపండి. శిలాఫలకం మీద చందా పెద్దదిచ్చినవాళ్లే ఉంటారు గనక వండినవాళ్ల పేర్లు ముందు రాయమనండి.