హెర్‌టూ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ కంటే ముందే కీమో: మొదటి మందు ఎక్కేలోపు ఇవి చూసుకోండి

రెడ్‌హిల్స్ వైపు ఓ కీమో డే కేర్‌లో సిస్టర్‌గా చేస్తున్నాను. కొత్తగా వచ్చిన ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "గడ్డ చేతికి తగులుతుంటే, తీసెయ్యకుండా ఈ మందులేంటి సిస్టర్?" హెర్‌టూ పాజిటివ్ గడ్డ, అంటే హెర్‌టూ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్ గడ్డ, 2 సెంటీమీటర్లు దాటినా, చంకలోకి పాకినా సాధారణంగా ఆపరేషన్‌కు ముందు మందులే ఇస్తారు. వాటికి గడ్డ కుంచించుకుపోతే రొమ్ము మొత్తం తియ్యకుండా సరిపోవచ్చు. మందుకు ఎంత లొంగిందో కూడా తెలుస్తుంది.

బయాప్సీ రిపోర్టులో హెర్‌టూ 3 ప్లస్ అని ఉంటే పాజిటివ్ అని తేలినట్టే. 2 ప్లస్ అంటే ఇంకా తేలనట్టే, ఫిష్ పరీక్ష (హెర్‌టూ జన్యువును లెక్కగట్టి తేల్చేది) చేయించాలి. హెర్‌టూకే గురిపెట్టే టార్గెటెడ్ మందు ట్రాస్టుజుమాబ్ గుండె మీద పడొచ్చు కనుక మొదలెట్టే ముందు ఎకో, తర్వాత మూడు నెలలకోసారి.

నేను అందరి వెంటా పడి చెప్పేది క్లిప్ గురించి. మందుకు గడ్డ మొత్తం కరిగిపోతే సర్జన్ ఎక్కడ కొయ్యాలి? అందుకే నువ్వుగింజంత లోహపు క్లిప్ ముందే అందులో పెట్టిస్తారు. ఎవరూ ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు.

ఎక్కువగా ఇచ్చేది డోసిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు, వాటితో ట్రాస్టుజుమాబ్, అలాంటిదే ఇంకో టార్గెటెడ్ మందు పెర్టుజుమాబ్. 21 రోజులకోసారి, ఆరుసార్లు. పెర్టుజుమాబ్ ఖరీదెక్కువ. అది కుదరకపోయినా ట్రాస్టుజుమాబ్ మాత్రం వదలొద్దు, మన దేశంలో తయారైన బయోసిమిలర్లు (అసలు మందులాగే పనిచేసేవి) 2014 నుంచీ దొరుకుతున్నాయి. మొదటిసారి పొద్దంతా పడుతుంది, ట్రాస్టుజుమాబ్ ఒక్కటే గంటన్నర. అది ఎక్కుతుంటే చలి, వణుకు రావచ్చు. మన ఆడవాళ్లేమో దుప్పటి మెడదాకా లాక్కుని "ఏసీ ఎక్కువైంది" అని ఊరుకుంటారు. పళ్లు కొట్టుకుంటుంటే నేనే చూసి డ్రిప్ ఆపుతాను. అలా ఓర్చుకోకండి, పిలవండి.

ఇంట్లో థర్మామీటర్ ఉండాల్సిందే. 100.4 ఫారెన్‌హీట్ తగిలితే, ముఖ్యంగా కీమో అయిన రెండో వారంలో, డోలో వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లి ముందు "కీమోలో ఉంది" అని చెప్పండి. పెర్టుజుమాబ్‌తో విరేచనాలు మామూలే. ఓఆర్ఎస్ తాగిస్తూ డే కేర్‌కి ఫోన్ చెయ్యండి, ఏ మాత్ర వెయ్యాలో చెబుతారు.

డబ్బు లెక్క ఆరు సైకిళ్లకే వేసుకుంటే తర్వాత ఇబ్బంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో క్యాన్సర్ మిగల్లేదంటే టార్గెటెడ్ మందు మొత్తం ఏడాది అయ్యేదాకా సాగుతుంది. మిగిలితే సాధారణంగా టీడీఎం1కి (ట్రాస్టుజుమాబ్‌కే కీమో మందు అతికించినది) మారుస్తారు, అది 14 డోసులు. రెండింటి అంచనా ఇప్పుడే రాయించుకోండి.