నూతిలో బ్లీచింగు కలపడం ఎలా?

గోదావరి వరద తీశాక లంక ఊళ్ళలో చూస్తుంటాను. గట్టు మీద నిలబడి దోసెడు బ్లీచింగు పొడి నూతిలోకి విసిరేసి చేతులు దులుపుకుంటారు. ఆ పొడి ఉండలు కట్టి అడుక్కి పోతుంది. నీళ్ళలో మందు సరిగ్గా కలవదు, పైగా సున్నం మిగులుతుంది. ఇంకొందరు పటిక తిప్పి, తేటపడ్డాయి కదా అని తాగేస్తారు. పటికతో బురద దిగుతుంది, క్రిములు చావవు.

రెండు ప్లాస్టిక్ బకెట్లు, కర్ర, తాడు, గ్రాములు చూపించే చిన్న కాటా, కొత్త బ్లీచింగు, క్లోరిన్ పరీక్ష చుక్కల మందు ఉంటే చాలు. ఇనప బకెట్ వద్దు, తుప్పు పడుతుంది.

నూతి వెడల్పును వెడల్పుతోనే హెచ్చవేసి, దాన్ని నీటి లోతుతో, మళ్ళీ 22తో హెచ్చవెయ్యండి. కొలతలు అడుగుల్లో అయితే లీటర్లు వస్తాయి. 4 అడుగుల వరల నూతిలో 10 అడుగుల నీళ్ళుంటే 3,520 లీటర్లు. వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల లెక్కన 9 గ్రాములు. వరద నీళ్ళు దిగిన నూతికి రెట్టింపుతో మొదలుపెట్టండి. అంతకుముందే బురద నీళ్ళు తోడించాలి. కానీ చుట్టూ నేల ఇంకా నానే ఉంటే ఇంజను పెట్టి ఒక్కసారే ఖాళీ చెయ్యొద్దు, వరలు కూలిపోతాయి.

ఇక అందరూ పాడుచేసేది కలిపే దగ్గరే. పొడిలో ముందు కొద్దిగా నీళ్ళు పోసి, ఉండ లేకుండా దోశపిండిలా మెదపండి. తర్వాత బకెట్ ముప్పాతిక వరకూ నీళ్ళు పోసి కలిపి, పది నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి. సున్నం అడుక్కి చేరుతుంది. పై తేట మాత్రమే రెండో బకెట్లోకి నెమ్మదిగా వంచాలి. సుద్ద కాస్త కూడా రాకూడదు. అది నూతిలో పడితే నీళ్ళ కాఠిన్యం పెరుగుతుంది, పప్పు ఉడకదు. తొందరపడి మొత్తం కుమ్మరించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొడి కళ్ళల్లో పడకుండా గాలికి వీపు పెట్టి కూర్చోండి.

పొడి పాతదైతే ఈ శ్రమంతా వృథా. తాజా పొడిలో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మన చెమ్మ గాలికి, మూత తీసిన సంచిలో అది త్వరగా ఎగిరిపోతుంది. ఘాటు వాసన రాకపోతే ఆ పొడి వాడొద్దు.

తేట బకెట్‌ని తాడుతో నీళ్ళ మట్టం కిందికి దించి, పైకీ కిందికీ, పక్కలకీ గట్టిగా ఆడించండి. ఇసకా బ్లీచింగూ కుండలో పెట్టి వేలాడదీసే పద్ధతి కొందరికి ఇష్టం. ఒక్క ఇంటి చిన్న నూతిలో ఒంటి కుండ పెడితే ఘాటు పేరుకుపోతుంది. నాకది నచ్చదు.

గంట ఆగితే చాలు, కానీ నేను రాత్రి ఆఖరి చేద తోడాకే వేస్తాను. మీరూ అప్పుడే వెయ్యండి. తెల్లవారి గ్లాసు నీళ్ళలో చుక్కల మందు వేసి వెంటనే చూడండి. లేత పసుపు వస్తే తాగొచ్చు. రంగు రాకపోతే మళ్ళీ కలపాలి. ముదురు రంగొస్తే అది తగ్గేదాకా తాగొద్దు. పరీక్ష చేసిన నీళ్ళు పారబొయ్యండి.

సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పదనానికి, రొయ్యల చెరువుల ఊటకి బ్లీచింగు మందు కాదు. ఆ నీళ్ళు ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. మరుగుదొడ్డి గుంట నూతికి 15 మీటర్లలోపు ఉంటే ముందు దాన్ని మార్పించండి. చేద నేల మీద పెట్టకుండా కొక్కేనికి తగిలించండి.