కాగితపు గుజ్జు బొమ్మ ఎక్కడ చెడుతోంది? సమస్య – పరిష్కారం

ఒడిశాలోని బరంపురంలో ఈ గుజ్జు బొమ్మల పని నేర్చుకునేవాళ్లు ముందు ఇక్కడి గాలిని అర్థం చేసుకోవాలి. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే. ఠాకురాణి యాత్ర (ఇక్కడి అమ్మవారి జాతర, పులి వేషాలు కడతారు) జరిగే ఎండల్లో రెండు మూడు రోజులకు ఆరిపోయే పులి ముఖం, శ్రావణంలో వారమైనా చెమ్మగానే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలూ వాళ్ల అమ్మలూ పట్టుకొచ్చే చెడిన బొమ్మల్లో సగం ఈ చెమ్మకు బలైనవే. అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

“పైన గట్టిగా ఆరింది, వారం తిరక్కుండా కంపు, బూజు”

పైన ఆరిన మాట నిజమే, లోపల ఆరలేదు. గుజ్జును అంగుళం మందాన ఒకేసారి పెట్టేస్తే పైపొర బిగుసుకుని లోపలి తడిని త్వరగా బయటికి రానివ్వదు. మైదా జిగురైతే బూజుకు తిండి కూడా దొరికినట్టే. ఒక్కో పొర 3, 4 మిల్లీమీటర్లకు మించకూడదు. అది ఆరాకే రెండోది. వేలితో నొక్కి చూస్తే సరిగ్గా తెలియదు, చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా నీరుంది. ఇంట్లో త్రాసుంటే పొద్దునా సాయంత్రం తూచండి, బరువు తగ్గడం ఆగిననాడు ఆరినట్టు. వానాకాలంలో నేల మీద పెట్టకుండా, కిందినుంచి కూడా గాలి తగిలేలా వెదురు తడక మీద పెట్టి ఫ్యాను వేయండి. లోపల డొల్లగా ఉన్న బొమ్మకు అడుగున వేలు దూరేంత రంధ్రం ఉంచాలి.

బూజు పట్టేసిన బొమ్మకు రంగు వేసి కప్పకండి. మొదట్లో ఒక పులి తలకు నేను అదే చేశాను. యాత్ర నాటికి బాగానే కనిపించింది, వానలు పడగానే చెవి కింద రంగు పొంగి పెచ్చులుగా ఊడింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట బూజు గీకేసి, మెత్తబడినంత మేరా బ్లేడుతో కోసేయండి. బాగా ఎండబెట్టాకే కొత్త గుజ్జు పెట్టండి. లోపలంతా నల్లబడితే ఆ బొమ్మ మీద ఆశ వదులుకోవాలి.

జిగురు కూడా మార్చి చూడండి. నేను చింతపిక్కల జిగురే వాడతాను. పిక్కలు వేయించి, గోధుమరంగు తొక్క పూర్తిగా ఒలిచేసి (తొక్క మిగిలితే జిగురుకు రంగు దిగుతుంది), పప్పును రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించాలి. గుడ్డ మీద బొమ్మలు వేసే రఘురాజ్‌పూర్ పటచిత్రకారులు ఆ గుడ్డకు సుద్ద పట్టించడానికి వాడేదీ, కొండపల్లివాళ్లు రంపపు పొట్టుతో మక్కు (బొమ్మ భాగాలు అతికే ముద్ద) కలిపేదీ ఈ జిగురే. ఇది కూడా నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. పురుగు పట్టకుండా కొందరు మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చెయ్యి పెట్టే గుజ్జులో నేను వేయను. మా మామ్మ చేటలకు అలకడానికి పాత కాగితాలతో పాటు మెంతులు నానబెట్టి రుబ్బేది. మెంతుల బంక కాగితాన్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదుకు పురుగు రాదని ఆవిడ నమ్మకం. నేనూ గుప్పెడు వేస్తాను.

“ఆరుతుంటే పగుళ్లిచ్చింది”

గుజ్జులో నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా తడి బొమ్మను నేరుగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టారు. పైభాగం ముందే ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు, మధ్యలో చీలుతుంది. జిగురు కలపక ముందే గుజ్జును గుడ్డలో వేసి గట్టిగా పిండండి. కలిపాక పిడికిట్లో నొక్కితే వేళ్ల గుర్తులు నిలవాలి, నీరు కారకూడదు. మొదటి రోజు నీడ, తర్వాతే ఎండ.

పగులు పూడ్చేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. పొడి అంచుల మధ్య తడి గుజ్జు కూరుతారు. పొడి కాగితం ఆ తడిని పీల్చేసుకుని గుజ్జును పట్టనివ్వదు, నాలుగు రోజులకు అది పెళ్లలా లేచి వస్తుంది. ముందు పగులు అంచులకు పలచటి జిగురు రాసి, అది ఇంకాక, సుద్దపొడి కలిపిన మెత్తని గుజ్జుతో నింపండి.

“మట్టి అచ్చునుంచి ఊడి రావడం లేదు”

మొదటి వరస కాగితానికి జిగురు రాసి ఉంటారు. ఆ వరసను వట్టి నీళ్లలో తడిపి అతికించాలి, జిగురు రెండో వరసనుంచే. అచ్చు మీద ముందుగా పలచగా నూనె రాసినా మంచిదే. ఇప్పటికే పట్టేసిందా? లాగితే ముక్కు చిరుగుతుంది. తల వెనకనుంచి చెవుల మీదుగా బ్లేడుతో కోసి, రెండు చిప్పలుగా విడదీసి, మళ్లీ కాగితం పట్టీలతో అతికించండి. పైన గుజ్జు పడ్డాక కోత కనిపించదు.

“చెవులు, చేతులు వాలిపోతున్నాయి”

తడి గుజ్జు బరువుకు లోపల ఎముక కావాలి. వెదురు బద్దో, కట్టుతీగో పెట్టి దారంతో బిగించి, దాని మీద కాగితం చుట్టాకే గుజ్జు. చెవిలాంటి పలచని భాగానికి ఒకవైపే కాగితం అతికిస్తే ఆరేటప్పుడు ఆ వైపుకే వంగుతుంది. రెండు వైపులా సమానంగా అతికించండి.

“గుజ్జు ఉండలు కడుతోంది”

పుస్తకాల అట్టల్లాంటి మెరుపు కాగితం వద్దు, సరిగా నానదు. న్యూస్‌పేపరును కత్తిరించకుండా చేత్తో చింపి రెండు రోజులు నానబెట్టి రోట్లో దంచండి. గుడ్ల ట్రేలు ఇంకా సులువు.

“తెల్లపూత పెచ్చులూడుతోంది”

సుద్దపూతను వేలితో రుద్ది చూడండి. వేలికి పొడి అంటితే జిగురు తక్కువ. పెంకులా చిట్లి అంచులు పైకి లేస్తే జిగురు ఎక్కువ, లేదా ఒకే పూత మందంగా పడింది. గీకేసి, పాలంత పలచగా మూడు నాలుగు పూతలు, ఒకదాని మీద ఒకటి ఆరనిచ్చి వేసి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి. చింతపిక్కల జిగురు నీళ్లకు మళ్లీ కరుగుతుంది. అందుకే దీని మీద నీళ్లోడే రంగు పెట్టి కుంచెతో పదేపదే రుద్దితే తెల్లపూత లేచి రంగులో కలుస్తుంది. చిక్కటి రంగును కుంచెతో ఒక్కసారే వేసి ఆరనివ్వాలి.

“దాచిన బొమ్మ రెండో యాత్రకు పనికిరాలేదు”

యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. మధ్యలో రెండు వానాకాలాలు. ప్లాస్టిక్ కవరులో బిగించకండి, ఉన్న చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత నూలుగుడ్డ కప్పి, గోడకు ఆనకుండా దూలానికి వేలాడదీయండి. అడుగు భాగానికి కూడా వార్నిష్ పట్టించాలి, చాలామంది ముఖానికే వేసి వదిలేస్తారు. వానలు వెళ్లాక ఒకసారి దించి, వెనక్కి తిప్పి లోపలివైపు చూసి, ఒక పూట ఎండ చూపించి మళ్లీ కట్టండి.