‘టేబుల్’ అంటే బల్ల అనుకున్నాను

మీటింగులో ఒక అమెరికన్ సహోద్యోగి "లెట్స్ టేబుల్ దిస్" అన్నాడు. విషయం చర్చకు పెట్టమంటున్నాడనుకుని ఉత్సాహంగా వివరించడం మొదలుపెట్టాను. అందరూ నన్ను వింతగా చూశారు. అమెరికాలో దానికి అర్థం ‘ఇప్పటికి పక్కన పెడదాం’ అట. తమాషా ఏమిటంటే, బ్రిటన్‌లో నేను అనుకున్న అర్థమే. అంటే నా తప్పు సగమే!

ఆ రోజు నుంచి జాతీయాల జాబితా బట్టీ పట్టాను. రెండు వారాల్లో అంతా మర్చిపోయాను. అప్పుడు పద్ధతి మార్చి, ఒక్కో మాట ఏ లోకం నుంచి వచ్చిందో చూడటం మొదలుపెట్టాను. ‘టచ్ బేస్’, ‘బాల్‌పార్క్ ఫిగర్’ రెండూ బేస్‌బాల్ మాటలే. మొదటిదానికి ఒకసారి మాట్లాడుకుందాం అని, రెండోదానికి సుమారు లెక్క అని అర్థం. ‘బిలో ద బెల్ట్’ బాక్సింగ్‌ది. అందులో నడుము కింద కొట్టకూడదు కాబట్టి, అన్యాయమైన మాటకు ఆ పేరు. బొమ్మ కళ్లకు కడితే అర్థం మరిచిపోం. (నెట్‌లో దొరికే పుట్టుక కథల్లో చాలావాటికి రుజువు ఉండదు, జాగ్రత్త.)

ఇంకో కిటుకు, తెలుగు జోడీ వెతకడం. మనం ‘నీళ్లు నమిలాడు’ అంటే ఎవరూ గ్లాసు కోసం చూడరు కదా. ఇంగ్లీషు వాక్యం పైఅర్థంలో పొసగకపోతే, అక్కడే ఆగి అడుగుతాను.

నన్ను ఇంకా తికమకపెట్టేది ‘నాట్ బ్యాడ్’. అది మెచ్చుకోలో, సరిపెట్టుకోవడమో గొంతును బట్టే తెలుస్తుంది. ఈమెయిల్లో గొంతు ఎక్కడుంది?