అకాడియన్ పూర్వీకుడి జాడ 1755 దగ్గర తెగిపోయిందా? అకాడియన్లంటే ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతంలో స్థిరపడిన ఫ్రెంచివాళ్లు; 1755లో బ్రిటిష్‌వాళ్లు వాళ్లను వెళ్లగొట్టారు.

సమస్య: మనిషి పుట్టింది గ్రాండ్ ప్రే అనే అకాడియన్ ఊళ్లో అని తెలుసు. నోవా స్కోషియా ఆర్కైవ్స్‌లో ఎంత వెతికినా ఆ ఊరి చర్చి రిజిస్టర్ మాత్రం దొరకదు.

కారణం: 1755 సెప్టెంబర్ 5న బ్రిటిష్ పక్షాన వచ్చిన కర్నల్ విన్‌స్లో ఊళ్లో మగవాళ్లందరినీ చర్చిలోకి పిలిపించాడు. మీ భూములూ పశువులూ ఇక రాజుగారివి, మిమ్మల్ని ఇక్కడినుంచి పంపించేస్తున్నాం అన్నాడు. జనంతోపాటు రిజిస్టర్లూ ఓడెక్కాయి.

పరిష్కారం: ఊరు కెనడాలో, ఊరి పుస్తకం అమెరికాలోని లూసియానాలో! 1707–1748 రిజిస్టర్లు అక్కడి బాటన్ రూజ్ కతోలిక మేత్రాసనం (డయోసిస్) దగ్గరున్నాయి. పోర్ట్ రాయల్ అనే మరో అకాడియన్ ఊరి చర్చివి (1702–1755) నోవా స్కోషియాలోనే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

సమస్య: ఒకే పేరుతో నలుగురైదుగురు తగులుతున్నారు. మనవాడెవరు?

కారణం: కొద్ది కుటుంబాల నుంచి పెరిగిన జనం. పేర్లూ మళ్లీ మళ్లీ అవే.

పరిష్కారం: ఆయన్ని వదిలేసి భార్యను పట్టుకోండి. పెళ్లయినా చర్చి రికార్డుల్లో ఆమెది పుట్టింటి పేరే. తర్వాత పెళ్లి నమోదు చివరిదాకా చదవండి. దగ్గరి బంధువులు పెళ్లాడాలంటే చర్చి నుంచి మినహాయింపు కావాలి, అది అందులో రాస్తారు. “మూడో అంతరం బంధుత్వానికి మినహాయింపు” అని ఉంటే, వధూవరుల ముత్తాతల్లో ఎవరో ఒకరు ఇద్దరికీ ఉమ్మడి అన్నమాట. ఫాదర్‌గారు పెళ్లి చేయడానికి రాసుకున్న ఆ ముక్క రెండు కొమ్మల్ని కలిపేస్తుంది. ఎవరో అప్‌లోడ్ చేసిన వంశవృక్షం కన్నా నేను దాన్నే నమ్ముతాను. ఇంకా తేలకపోతే విన్‌స్లో జాబితా ఉంది. ఇంటి యజమాని పేరు, కొడుకులెందరు, కూతుళ్లెందరు, ఎడ్లు, ఆవులు, గొర్రెలు ఎన్ని అని వరసగా రాయించాడు. పిల్లల లెక్క సరిపోయిందంటే మనవాడు దాదాపు దొరికినట్టే.

సమస్య: 1755 తర్వాత పేరే లేదు.

కారణం: అమెరికాలో అప్పటి బ్రిటిష్ వలసల్లో మసాచుసెట్స్ నుంచి జార్జియా దాకా చెదరగొట్టారు. వర్జీనియా అయితే తనకు వచ్చినవాళ్లను ఉంచుకోనని ఇంగ్లండ్‌కు పంపేసింది. వాళ్లు 1763లో ఫ్రాన్స్ చేరారు. పైగా ఇంగ్లిష్ గుమాస్తాలు చెవికి వినబడినట్టు పేర్లు రాసుకున్నారు. కొన్నిచోట్ల పేరును ఏకంగా అనువదించేసరికి లెబ్లాన్ (ఫ్రెంచ్‌లో ‘తెలుపు’) కాస్తా వైట్ అయిపోయాడు.

పరిష్కారం: పేరును ఫ్రెంచ్‌లో పైకి పలికి, ఇంగ్లిష్‌వాడు ఎలా రాస్తాడో ఊహించి వెతకండి. ఫ్రాన్స్ వెళ్లినవాళ్లయితే అక్కడి బెల్-ఈల్ ద్వీపం రికార్డులు చూడండి. అక్కడ స్థిరపడిన కుటుంబాలు 1767లో ప్రమాణం చేసి తమ వంశం చెప్పి రాయించుకున్నాయి. అక్కడా లేకపోతే, 1785లో ఫ్రాన్స్ నుంచి లూసియానాకు అకాడియన్లను తెచ్చిన ఏడు ఓడల ప్రయాణికుల జాబితాలు తెరవండి.