రెండు డిగ్రీలకు ఒకటే నోట్సు

కెమిస్ట్రీ, ఎక్స్‌ట్రాక్టివ్ మెటలర్జీ (ఖనిజాల నుంచి లోహాలు తీసే శాస్త్రం) కలిపి డబుల్ డిగ్రీ చదివేవాళ్లు రెండు నోట్సులు పెడుతుంటారు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను, దండగ. ఒకటే లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. ఎడమ పేజీలో రసాయన చర్య, కుడి పేజీలో అదే చర్య ప్లాంటులో ఎలా జరుగుతుందో రాయండి.

బంగారాన్ని సైనైడ్‌తో కరిగించడమే తీసుకోండి. ఎడమవైపు సమీకరణంలో నాలుగు బంగారు పరమాణువులకు ఎనిమిది సైనైడ్ అయాన్లు, ఒక ఆక్సిజన్ అణువు, రెండు నీటి అణువులు. మరి ట్యాంకులోకి గాలి ఎందుకు ఊదుతారు? ఆ ఒక్క ఆక్సిజన్ కోసం. సున్నం ఎందుకు కలుపుతారు? హైడ్రోజన్ సైనైడ్ పీకేఏ సుమారు 9.2, అంటే పీహెచ్ అంతకంటే తగ్గితే సైనైడ్‌లో ఎక్కువ భాగం హైడ్రోజన్ సైనైడ్‌గా మారిపోతుంది. సున్నంతో పీహెచ్ 10 కంటే పైన ఉంచకపోతే సైనైడ్ విషవాయువై పైకి లేస్తుంది. కెమిస్ట్రీ పేపర్లో రెండు మార్కుల బిట్టు, ప్లాంటులో మనుషుల ప్రాణం.

సెలవులకు ఊరొచ్చినప్పుడు ఇంకో పని. మా ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో మాగ్నెటైట్ ఉంది, అయస్కాంతానికి అతుక్కునే ఇనుపఖనిజం. అలాంటి రాయి ముక్క దొరికితే కొంచెం బరకగా, కొంచెం మెత్తగా నూరి, రెండింటి మీదా అయస్కాంతం తిప్పండి. బరక పొడిలో ఇనుపఖనిజానికి అతుక్కుని పలుగురాయి కూడా లేచి వస్తుంది. మెత్తటి పొడిలో చాలావరకు కిందే ఉండిపోతుంది. మెత్తగా నూరితే ఖనిజం రాయి నుంచి విడిపోతుంది, పుస్తకాల్లో లిబరేషన్ అంటే అదే. అమ్మ రోలు మాత్రం వాడకండి, నాకు తిట్లు పడ్డాయి.